నమ్మకానికి గీటురాయి
(పర్యూషణ దినాలలో చేసిన ప్రసంగం)



సాధు సాధ్వీజనులు చాతుర్మాసానికి మనవైపు రాని సంవత్సరాలలో, పర్యూషణ దినాలలో పెద్దలలో ఎవరో ఒకరు లేచి నాలుగు మాటలు చెప్పడం మనకు వాడుక. ఈసారి ఆ భారం నామీద పెట్టినారు. నేను పండితుణ్ణి కాను. హైస్కూలుతో చదువు ముగించి తండ్రిగారి దుకాణంలో కూర్చున్నవాణ్ణి. తాడు, టార్పాలిన్, లాంతరు, మేకులు అమ్ముకొని బ్రతికేవాణ్ణి. నాకు బాగా తెలిసినవి తక్కెడ, పద్దుపుస్తకం. కనుక ఈ విషయాన్ని కూడా ఆ భాషలోనే చెప్పుకొంటాను. ఆనాడు చెప్పిన మాటలనే సంచిక కొరకు వ్రాసి ఇమ్మన్నందున కొంచెం పెంచి వ్రాసినాను. తప్పులుంటే పెద్దలు మన్నించి సవరించవలెను.

విషయం ఇది. మనమందరము నమ్ముతున్నాము. ఆత్మ ఉన్నదని, కర్మ ఉన్నదని, ముక్తి ఉన్నదని నమ్ముతున్నాము. ఎందుకు నమ్ముతున్నాము? తాతముత్తాతలు నమ్మినారు గనుకనా? పూజలోనో, సామాయికంలోనో, కష్టకాలంలోనో మనకు ఏదో ఒక అనుభవం కలిగినది గనుకనా? అనుభవం కలిగినదనే అనుకొందాము. అది దేనికి సాక్ష్యం? కాలేజీలలో ఈ విచారణను మతతత్త్వశాస్త్రం అంటారు. మన ఆచార్యులు సమ్యగ్దర్శనం అనే పేరుతో వెయ్యేండ్లకు పైబడి దీనినే విచారించినారు. దుకాణంలో కూర్చున్నవానికి ఆ ప్రశ్న ఒక్కటే మాట: చేతికి వచ్చిన ఈ నాణెం మంచిదా, చెల్లనిదా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురుకాలేదు. ఒక గాలివాన దీనిని నా ఇంటికి తెచ్చినది.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి మన బరంపురం వారెవరూ మరవరు. అది దుర్గాష్టమి నాడు. మన ఇండ్లలో ఆశ్వయుజ మాసపు నవపద ఓళి జరుగుతున్నది. మా అమ్మ ఆయంబిల్ పట్టి, నెయ్యి, నూనె, పాలు, ఉప్పు, కారం లేని ఉడికించిన ధాన్యం ఒక్కపూట తిని ఉన్నది. ఆ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినది. గాలి గంటకు 200 కిలోమీటర్లకు పైగా వీచినది. కరెంటు పోయినది. రేకులు ఎగిరిపడే చప్పుడు, చెట్లు విరిగే చప్పుడు. ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నారు. నేను ఒక మూల కూర్చుని నవకార మంత్రం పట్టినాను.

మొదట భయంతోనే పట్టినాను. కొంతసేపటికి భయం ఎటు పోయినదో తెలియలేదు. గాలి చప్పుడు వినబడుతూనే ఉన్నది గాని అది నాకు సంబంధించినది కాదనిపించినది. దుకాణం, గోదాము, సరుకు, అప్పులు, చివరకు ఈ శరీరం కూడా ఒడ్డున పెట్టిన మూటలాగా దూరంగా కనిపించినవి. ఆ స్థితి ఎంతసేపు ఉన్నదో చెప్పలేను. అటువంటి శాంతి అంతకుముందు నాకు కలుగలేదు. ఆ తరువాత కూడా కలుగలేదు.

తెల్లవారి వెళ్ళి చూస్తే మా గోదాము పైకప్పు చెక్కుచెదరలేదు. ప్రక్క వీధిలోని వ్యాపారి గోదాము రేకులన్నీ లేచిపోయి సరుకు తడిసి ముద్దయినది. ఇంకేమి, నవకార మంత్ర మహిమ అని నేను చాటుకొన్నాను. వచ్చినవారికల్లా చెప్పినాను. దీపావళికి, అనగా మహావీర స్వామి నిర్వాణ దినానికి, బంధువులు చేరినప్పుడు భోజనాల దగ్గర మరల చెప్పినాను.

కాలేజీలో చదువుకొంటున్న మా మేనల్లుడు ఒకడు అంతా విని నెమ్మదిగా అడిగినాడు. “మామయ్యా, ప్రక్క వీధిలో ఆయన కూడా ఆ రాత్రి తన దేవుణ్ణి తలచుకొనే ఉంటాడు గదా. ఆయన తలచుకొన్నది తక్కువయిందా? మీ మంత్రం మీ రేకులను కాపాడితే, ఆయన రేకులను ఎగురగొట్టినది ఏ మంత్రం?”

నాకు కోపం వచ్చినది. కుర్రవాడు నాస్తికుడయిపోతున్నాడని విసుక్కొన్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దానికి జవాబు వెదుకుతూ చదివినది, అడిగి తెలుసుకొన్నది మీ ముందు పెడుతున్నాను.

మొదట నాకు తెలిసి వచ్చినది, నా కథలో రెండు పద్దులు కలిసిపోయినవని. నాకు శాంతి కలిగినది అన్నది ఒక పద్దు. మంత్రం పైకప్పును కాపాడినది అన్నది వేరొక పద్దు. మొదటిది నేను అనుభవించినది. రెండవది నేను ఊహించి దానికి అతికించినది. మొదటిదాని బలంతో రెండవదానిని చెల్లించుకొన్నాను. వ్యాపారంలో ఒకరి ఖాతాలోని జమను ఇంకొకరి ఖాతాలో చూపితే దానిని ఏమంటారో మీకు తెలుసును.

మన శాస్త్రం ఈ విషయంలో ఎంత కట్టుదిట్టంగా ఉన్నదో చూడండి. శ్వేతాంబరులు, దిగంబరులు ఇద్దరూ తలదాల్చే తత్త్వార్థ సూత్రంలో ఉమాస్వాతి అయిదు విధాల జ్ఞానాన్ని చెప్పినాడు: మతి, శ్రుత, అవధి, మనఃపర్యాయ, కేవల జ్ఞానాలు. ఇంద్రియాల వలన, మనస్సు వలన కలిగే మతిజ్ఞానాన్ని, మాటల వలన కలిగే శ్రుతజ్ఞానాన్ని ఆయన పరోక్షంలో చేర్చినాడు. కంటితో చూసినది కూడా పరోక్షమే! ఆత్మ ఏ సాధనమూ లేకుండా తానే నేరుగా తెలుసుకొన్నది మాత్రమే ప్రత్యక్షం. మరి లోకంలో అందరూ కంటితో చూసినదానినే ప్రత్యక్షం అంటున్నారు గదా అంటే, తరువాత జినభద్ర గణి, అకలంకుడు వంటి ఆచార్యులు దానికి సాంవ్యవహారిక ప్రత్యక్షం అని పేరు పెట్టినారు. అంటే వ్యవహారానికి సరిపోయే ప్రత్యక్షం. మన వ్యాపారులకు ఈ మాట ఎంత చక్కగా అర్థమవుతుంది! రోజువారీ చెల్లుబాటుకు ఒప్పుకొంటాము. అసలు లెక్కకు వచ్చినప్పుడు మరల తూచి చూస్తాము.

కంటితో చూసినదానినే ఇంత జాగ్రత్తగా తూచిన ఆచార్యులు, తుఫాను రాత్రి ఒక భయస్థునికి కలిగిన భావాన్ని తూచకుండా పుచ్చుకొంటారా?

సమంతభద్రాచార్యులు ఆప్తమీమాంస అనే గ్రంథం వ్రాసినారు. ఆప్తుడు అంటే నమ్మదగిన మాట చెప్పేవాడు. ఆయన తీర్థంకరుణ్ణి స్తుతిస్తూనే ఒక విచిత్రమైన మాటతో మొదలుపెడతారు. దేవతలు దిగివచ్చినారనో, ఆకాశంలో సంచరించినావనో, చామరాలు వీచినారనో నిన్ను మేము గొప్పవాడివి అనడం లేదు. అవి ఇంద్రజాలికుల దగ్గర కూడా కనబడతాయి అని వారి భావం. మరి దేనివలన గొప్ప? దోషాలు లేనందువలన, చెప్పిన మాట యుక్తికి నిలిచినందువలన. అద్భుతాన్ని సాక్ష్యంగా తెచ్చుకోవద్దని మన ఆచార్యులే చెప్పినారు. నేను రేకుల అద్భుతాన్ని తెచ్చి ఊరంతా త్రిప్పినాను!

అంతే కాదు. మన సిద్ధాంతం ప్రకారం అర్హంతులు, సిద్ధులు వీతరాగులు. వారికి రాగం లేదు, ద్వేషం లేదు. ఒకరి గోదాము కాపాడడం, ఒకరి గోదాము కూల్చడం వారి పని కాదు. వారికి నమస్కరించేది వారి గుణాలు మనలో మేలుకొనడానికి. సమ్యగ్దర్శనానికి ఎనిమిది అంగాలు చెప్పినారు. వాటిలో నిఃశంకితం మొదటిది. వెంటనే రెండవది నిఃకాంక్షితం, అంటే ధర్మానికి బదులుగా లాభం కోరకపోవడం. నాలుగవది అమూఢదృష్టి, అంటే గ్రుడ్డినమ్మకం లేని చూపు. మంత్రాన్ని భీమా పాలసీగా లెక్కవేసిన నేను ఈ రెండు అంగాలూ పోగొట్టుకొన్నట్లే. మా మేనల్లుణ్ణి నాస్తికుడన్నాను గాని, శాస్త్రం ప్రకారం చూస్తే ఆనాడు భోజనాల దగ్గర జైనుని మాట మాట్లాడినవాడు వాడే.

అయితే ప్రతి నమ్మకాన్నీ మనమే స్వయంగా పరీక్షించగలమా? లేము. ఆ తుఫాను సంగతే చూడండి. 1999 అక్టోబరు 29న పారాదీప్ వైపు వచ్చిన మహా తుఫానులో సుమారు 10,000 మంది చనిపోయినారు. 2013లో వాతావరణ శాఖవారు ముందుగా చెప్పినారు; ప్రభుత్వం వారు సుమారు 10 లక్షల మందిని తీరం నుండి తరలించినారు; మరణాలు పదుల సంఖ్యతో ఆగినవి. వెళ్ళినవారిలో ఎవరు గాలి లెక్కలు కట్టినారు? ఎవరూ కట్టలేదు. చెప్పినవారి మాట నమ్మినారు. ఎందుకు నమ్మవలెను? చెప్పినవారికి ఆ విషయం తెలుసును. అబద్ధం చెప్పితే వారికి వచ్చే లాభం లేదు. చెప్పినది మన మేలు కొరకు. ఆప్తునికి మన శాస్త్రం చెప్పిన లక్షణాలు కూడా ఈ తరహావే: తెలిసినవాడు, రాగద్వేషాలు లేనివాడు, హితం చెప్పేవాడు. కనుక ఇతరుల మాట నమ్మడం మూఢత్వం కాదు. ఎవరి మాట, ఎందుకు అని అడగకుండా నమ్మడం మూఢత్వం.

ఈ విషయంలో పాశ్చాత్యులు కూడా గట్టిగా వాదించుకొన్నారు. ఇంగ్లండులో క్లిఫర్డు అనే గణిత పండితుడు 1877లో ఒక వ్యాసం వ్రాసినాడు. అందులో ఒక ఓడ యజమాని కథ చెప్పినాడు. ఆ ఓడ పాతది. వలస వెళ్ళే జనంతో దానిని సముద్రం మీదకు పంపవలెను. ఓడ బలహీనంగా ఉన్నదని యజమానికి అనుమానం. మరమ్మతుకు ఖర్చు అవుతుంది. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్ళి వచ్చినది, దైవం కాపాడకపోతుందా అని తనను తాను నచ్చజెప్పుకొని, మనస్ఫూర్తిగా నమ్మి, ఓడను పంపినాడు. అది మునిగినది. అతడు భీమా సొమ్ము తీసుకొని నోరు మెదపలేదు. అతని నమ్మకం నిజాయితీగలదే అయినా అలా నమ్మడానికి అతనికి హక్కు లేదు. ఓడ క్షేమంగా చేరినా సరే హక్కు లేదు అని క్లిఫర్డు తీర్పు. ఒకప్పుడు మన గోపాలపురం రేవు నుండి గంజాం కూలీలు ఓడలెక్కి రంగూను వెళ్ళేవారు. వారిని తలచుకొని ఈ కథ చదివితే మన గుండె కొంచెం గట్టిగా కొట్టుకొంటుంది.

అమెరికాలో విలియం జేమ్స్ అనే ఆచార్యుడు ఇంత కఠినంగా పోనక్కరలేదన్నాడు. ఆధారాలు తేల్చలేని చోట, ఆగి చూడడానికి వ్యవధి లేని చోట, నమ్మి అడుగు వేయడం కూడా మనిషి హక్కే అన్నాడు. ఆయన 1902లో మతానుభవాలను గూర్చి పెద్ద గ్రంథం ప్రకటించినాడు. అందులో ఆయన తేల్చినది మనకు పనికివచ్చే మాట. అనుభవం పొందినవానికి అది బలమైన ప్రమాణమే. కాని దానిని ఎదుటివాడు విచారించకుండా ఒప్పుకోవలెనని అడిగే అధికారం లేదు. ఆ అనుభవం విలువ దాని పుట్టుకను బట్టి గాక, అది మనిషి జీవితంలో కాచిన ఫలాలను బట్టి తెలుస్తుంది.

తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు కూడా ఈ చర్చలో పెద్ద స్థానం గలవాడు. గంజాం ఇంకా మదరాసు రాజధానిలో ఉన్న రోజులలో, 1931 నుండి 1936 వరకు, ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షుడు. మతానికి మూలం అనుభవమని, సిద్ధాంతాలు ఆ అనుభవానికి మనుషులు చెప్పుకొన్న అర్థాలని ఆయన మతం. ఇది గొప్ప మాట. కాని మన అనేకాంతం ఇక్కడ ఒక చిన్న సవరణ అడుగుతుంది. అర్థాలన్నీ సమానమేనా? కావు. ఒక్కొక్కటి ఏ దృష్టితో నిజము, ఏ దృష్టితో కాదు అని విడదీసి చూడవలెను. అనేకాంతం అంటే అందరూ చెప్పినది ఒప్పుకొని ఊరకుండడం కాదు. స్యాత్ అనే మాట అనుమానం కాదు. ‘ఈ వైపు నుండి చూస్తే’ అనే షరతు. షరతు వ్రాయని పత్రం కోర్టులో నిలవదు. షరతు లేని మాట సత్యం ముందు నిలవదు.

హరిభద్రసూరి మహావీరుని మీద పక్షపాతము గాని, కపిలాదుల మీద ద్వేషము గాని తనకు లేదని, ఎవరి మాట యుక్తికి నిలుస్తుందో దానినే స్వీకరించవలెనని స్పష్టంగా చెప్పినారు. తన మతం వదలమని కాదు. తన మతాన్ని కూడా తక్కెడలో పెట్టే ధైర్యం ఉండవలెనని.

ఇప్పుడు మన జిల్లాలోనే ఉన్న ఒక బండ దగ్గరకు రండి. ఋషికుల్యానది ఒడ్డున, పురుషోత్తమపురం దగ్గర జౌగడ ఉన్నది. మనలో చాలామంది వసూళ్ళకు ఆ దారిన వెళ్ళినవాళ్ళమే. అక్కడ బండ మీద క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు ఉన్నవి. 1850లో వాల్టర్ ఎలియట్ దొర వాటికి నకలు తీయించినాడు. మొదటి శాసనంలో రాజు జీవహింసను నిషేధిస్తూ తన వంటశాల లెక్క తానే చెప్పినాడు. పూర్వం రోజూ లక్షలాది ప్రాణులు చచ్చేవి; ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక లేడి, ఆ లేడి కూడా ఎల్లప్పుడూ కాదు; ఇకమీదట అవి కూడా ఉండవు అని. చూసినారా, ఆ మూడింటిని దాచలేదు. నేను అహింసాపరుణ్ణి అని గొప్పగా వ్రాయించుకొని ఊరకుండవచ్చును. మిగిలిన బాకీ కూడా రాతి మీద చెక్కించినాడు.

అయితే ఇంకొక సంగతి కూడా ఉన్నది. కళింగయుద్ధంలో లక్షమంది చచ్చినారని, లక్షన్నరమంది చెరపట్టబడినారని, దానికి తాను పశ్చాత్తాపపడుతున్నానని చెప్పే పదమూడవ శాసనం వేరే చోట్ల ఉన్నది గాని, కళింగంలోని ధౌళిలో లేదు, జౌగడలో లేదు. నష్టపోయినవాని ముందు నిలబడి తప్పు చదవడం చక్రవర్తికి కూడా సులభం కాదన్నమాట. ఈ మాటను గుర్తుంచుకోండి, మరల వస్తాను.

జౌగడలో ఉన్న ఏడవ శాసనంలో అసలు గీటురాయి ఉన్నది. అన్ని మతాలవారూ అన్నిచోట్లా నివసించవచ్చునని రాజు కోరిక. ఎందుకనగా వారందరూ కోరేది సంయమం, భావశుద్ధి. మనుషుల కోరికలు, రాగాలు పలువిధాలు గనుక కొందరు అంతా ఆచరిస్తారు, కొందరు కొంతే ఆచరిస్తారు అని కూడా చేర్చినాడు. తరువాత కొంతకాలానికి ఇదే కళింగాన్ని ఏలిన మన ఖారవేలుడు, భువనేశ్వరం దగ్గర ఉదయగిరి హాథీగుంఫా మీద అర్హంతులకు, సిద్ధులకు నమస్కారంతో మొదలయ్యే 17 పంక్తుల శాసనం వ్రాయించినాడు. మగధనుండి కళింగ జినుని తిరిగి తెచ్చుకొన్న ఆ జైనరాజు అందులోనే తనను సర్వమతాలను పూజించేవాడని, అన్ని దేవాలయాలను బాగు చేయించేవాడని చెప్పుకొన్నాడు. తన జినుని కొరకు దండెత్తినవాడే ఇతరుల గుడికి సున్నం వేయించినాడు.

సంయమం, భావశుద్ధి. ఈ రెండు మాటలు చదివినప్పుడు నా తుఫాను కథ నా ఎదుట నిలిచినది. ఇంతవరకు మీకు చెప్పనిది ఒకటి ఉన్నది.

దీపావళినాడు మేనల్లుడు ప్రశ్న అడిగినప్పుడు మా అమ్మ అక్కడే ఉన్నది. అప్పుడేమీ అనలేదు. రాత్రి అందరూ వెళ్ళిన తరువాత నన్ను పిలిచి ఇలా అన్నది. “ఒరే నాయనా, రేకుల సంగతి వాడు అడిగినాడు. తెల్లవారిన తరువాతి సంగతి నేను అడుగుతాను. రాత్రి అంత శాంతి కలిగినవాడివి, పొద్దున్న దుకాణం తలుపు తీసి ఆరువందల టార్పాలిన్ వెయ్యి రూపాయలకు ఎలా అమ్మగలిగినావు?”

నిజం. అమ్మినాను. నాలుగు రోజులు అమ్మినాను. తాడు, లాంతరు, కొవ్వొత్తి అన్నీ పెంచే అమ్మినాను. సరుకు దొరకదు, మరల ఎప్పుడు వస్తుందో తెలియదు, బజారంతా అంతే అని నాకు నేను నచ్చజెప్పుకొన్నాను. క్లిఫర్డు చెప్పిన ఓడ యజమాని కూడా ఇట్లాగే నచ్చజెప్పుకొన్నాడు.

మూడవనాడు గోపాలపురం వైపునుండి ఒక జాలరి వచ్చినాడు. మన తెలుగువాడే. గుడిసె పోయినది. టార్పాలిన్ ధర విని, “షావుకారు బాబూ, మొన్నటి ధర ఇది కాదు గదా” అన్నాడు. “మొన్న గాలి లేదు గదా” అన్నాను నేను. అతడు తగాదా పెట్టుకోలేదు. నడుమున కట్టుకొన్న గుడ్డ విప్పి, తడిసిన నోట్లు ఒక్కొక్కటి ఊడదీసి బల్ల మీద పెట్టినాడు. “గంగమ్మ తల్లి పిల్లల్ని మిగిల్చింది బాబూ. అది చాలు” అని మూట నెత్తిన పెట్టుకొని వెళ్ళినాడు.

ఇప్పుడు తూచండి. ఆ రాత్రి అతనికి ఒక అనుభవం, నాకు ఒక అనుభవం. అతడు గంగమ్మ అన్నాడు, నేను నవకారం అన్నాను. పేర్లలో ఎవరిది తత్త్వానికి దగ్గర అంటే నా శాస్త్రం నాకు నేర్పినది నేను చెప్పగలను, వాదించగలను కూడా. కాని ఆ బల్లకు అటువైపు సంతోషం ఉన్నది, క్షమ ఉన్నది. ఇటువైపు లోభం ఉన్నది. సమ్యగ్దర్శనం కలిగినవానిని గుర్తుపట్టడానికి పెద్దలు అయిదు గుర్తులు చెప్పినారు: శమం, సంవేగం, నిర్వేదం, అనుకంప, ఆస్తిక్యం. ఆస్తిక్యం, అంటే తత్త్వం మీద నమ్మకం, ఆ వరుసలో చివరిది. దానికి ముందు అనుకంప ఉన్నది. నేను చివరి మెట్టు ఎక్కినానని ఊరంతా చెప్పుకొంటూ, దానికి ముందున్న మెట్టు మీద నిలిచిన మనిషిని నాలుగు వందలు ఎక్కువ అడిగినాను.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. మంచి నడవడి కలిగిస్తే ఏ నమ్మకమైనా నిజమేనా? అబద్ధం కూడా ఒక్కొక్కప్పుడు మనిషిని మంచివాణ్ణి చేయవచ్చును గదా? ఇది మంచి ప్రశ్న. నాకు తోచిన జవాబు ఇది. నడవడి నమ్మకాన్ని నిజమని రుజువు చేయదు. ఆ పని జ్ఞానానిది, యుక్తిది, ఆప్తవచనానిది. కాని నమ్మకం మనలో నిజంగా ఉన్నదా, మాటల్లోనే ఉన్నదా అన్నది నడవడి చూపుతుంది. అందుకనే ఉమాస్వాతి దర్శనం, జ్ఞానం, చారిత్రం మూడూ కలిసి మోక్షమార్గమని చెప్పినాడు గాని, మూడింటిలో ఏదో ఒకటి చాలునని చెప్పలేదు. బిల్లు, సరుకు, రసీదు మూడూ సరిపోలితేనే లెక్క సరి. బిల్లు మాత్రం చూపి సరుకు చేరినదంటే ఎవరు ఒప్పుకొంటారు?

మరి నా శాంతి అబద్ధమా? అబద్ధం కాదని ఇప్పటికీ అంటాను. ఆ కొద్దిసేపు మూట నా నెత్తిమీద లేదు, అది నిజం. కాని అది వచ్చినది, పోయినది. దర్శనం ఒకసారి తొంగిచూసి మరల మిథ్యాత్వంలో జారవచ్చునని మన గుణస్థాన విచారం చెబుతూనే ఉన్నది. తొంగిచూసినదానిని ఇల్లు కట్టుకొన్నానని అనుకోవడమే నా పొరపాటు. నవపదాలలో ఆరవది దర్శనం. దాని తరువాత జ్ఞానం, చారిత్రం, తపస్సు ఇంకా ఉన్నవి. నేను ఆరవ పదం దగ్గర దుకాణం పెట్టి కూర్చున్నాను.

ఇంకొక ప్రమాదం కూడా చెప్పి ముగిస్తాను. ప్రక్క గోదాము రేకులు ఎగిరినవి, అది ఆయన కర్మ అని నేను ఒకరిద్దరితో అన్నాను. కర్మ సిద్ధాంతం నా తప్పును నేను చూసుకోవడానికి ఇచ్చిన అద్దం. ఎదుటివాని కష్టాన్ని చూడకుండా అడ్డం పెట్టుకొనే పలక కాదు. కష్టంలో ఉన్నవానిని చూసి ‘వాని కర్మ’ అని వెళ్ళిపోయినవానికి, ఆ క్షణంలోనే కొత్త కర్మ బంధమవుతున్నది.

అమ్మ మాట తరువాత ఏమి చేసినానో చెప్పడం గొప్ప కొరకు కాదు. జౌగడ రాజు వంటశాలలో మిగిలిన మూడు ప్రాణులను దాచలేదు గనుక నేనూ దాచరాదని చెబుతున్నాను. ఆ నాలుగు రోజుల బిల్లు పుస్తకం తీసి, పేర్లు ఉన్నవారికి ఎక్కువ తీసుకొన్న సొమ్ము తిరిగి ఇచ్చినాను. ఎదుట నిలబడి, తప్పు నాదని చెప్పి ఇవ్వడం డబ్బు ఇవ్వడం కంటె కష్టమయినది. పదమూడవ శాసనం మన జిల్లాలో ఎందుకు లేదో నాకు ఆనాడు కొంత అర్థమయినది. పేర్లు లేని నగదు అమ్మకాల సొమ్ము జీవదయ ఖాతాలో వేసినాను. కాని అది తిరిగి ఇచ్చినట్లు కాదు. లెక్కలో సర్దుకొన్నట్లు మాత్రమే. ఆ జాలరి నగదుకే కొన్నాడు. రెండుమూడు సార్లు తీరం వెంబడి పల్లెలలో వెదికినాను. కనబడలేదు. ఆ నాలుగు వందల పద్దు ఇంకా తెరిచే ఉంచినాను. మూసివేస్తే మరచిపోతానని భయం.

యువకులారా! మీరు ప్రశ్నలు అడగండి. ప్రశ్నకు పడిపోయే నమ్మకం ఈ ఇంటికి బరువే గాని ఆధారం కాదు. పెద్దలారా! పిల్లలు అడిగితే నాస్తికులని విసుక్కోకండి. నేను విసుక్కొన్నాను, అందుకు మా మేనల్లుణ్ణి క్షమాపణ అడిగినాను. ధ్యానంలో, పూజలో శాంతి కలిగినవారెవరైనా ఉంటే, దానిని జాగ్రత్తగా దాచుకొనండి. దానితో ఎవరినీ ఒప్పించబోకండి. మరునాడు ఉదయం దుకాణం తలుపు తీసినప్పుడు మాత్రం దానిని బయటికి తీసి, మొదటి బేరం దగ్గర గీసి చూడండి. బంగారమయితే గీత పడుతుంది.

సంవత్సరి వస్తున్నది. తెలిసి గాని తెలియక గాని మనసుతో, మాటతో, చేతతో మీలో ఎవరినైనా నొప్పించి ఉంటే, చేతులు జోడించి క్షమాపణ వేడుకొంటున్నాను. తీరాన ఎక్కడో ఉన్న ఆ జాలరి సోదరుణ్ణి కూడా.

మిచ్ఛామి దుక్కడం. జై జినేంద్ర.